పిచ్చి నేర్పిన క్లాసు

రఘుపతి సారు మాట్లాడుతున్నంతసేపూ హర్షిణి చూపు ఆయన పంటి సందులో ఇరుక్కున్న కొత్తిమీర మీదే ఉంది. పీజీ కాలేజీ సెమినార్ హాల్లో "సైకాలజీ విద్యార్థులకు ఉద్యోగావకాశాలు" అని బ్యానర్ కట్టి, తలా ఒక చల్లారిన సమోసా చేతిలో పెట్టి, ఆయనను వేదిక ఎక్కించారు. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో, కోళ్ళ దుకాణం పైన, ఆయనకు ఒక కౌన్సెలింగ్ సెంటర్ ఉంది. "బొగ్గు అయిపోతది గానీ మనసు అయిపోతదా? మీకున్న స్కోప్ ఇంకెవ్వరికీ లేదు!" అని రెండు చేతులూ బారజాపి చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. హర్షిణి కూడా కొట్టింది. ఆ సంగతి గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ తన చేతులు తనకే రోతగా అనిపిస్తాయి.

కొట్టక ఏం చేస్తుంది? ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది. కాలనీలో ఎదురుపడ్డ ప్రతి మనిషీ అడిగే మాట ఒక్కటే: "గది చదివితే ఏం నౌకరి వస్తది బిడ్డా?" ఆమె నోరు తెరిచేలోపే వాళ్ళే నవ్వి, "పిచ్చోళ్ళ డాక్టరా?" అనేవారు. డాక్టరు కాదు, అది వేరే చదువు అని విడమరిచి చెప్పబోతే వినే ఓపిక ఒక్కరికీ ఉండదు. వాళ్ళమ్మ అనసూర్య ఆ ఓపిక కూడా ఖర్చు పెట్టుకోకుండా, చుట్టాలతో "మా పిల్ల కంప్యూటర్ చదువుతుంది" అని చెప్పి చేతులు దులుపుకునేది.

హర్షిణికి ఒక్క దారి మాత్రం కనిపిస్తూ ఉంది. జిల్లా పెద్ద దవాఖానలో మానసిక రోగుల విభాగం చూసే డాక్టర్ రాజకుమారి ఏటా ఒకే ఒక్క విద్యార్థిని దగ్గర ఉంచుకుని పని నేర్పుతుంది. ఆమె చేతికింద ఏడాది గడిపినవాళ్ళకు పై చదువుకు సీటు దొరకడం పెద్ద కష్టం కాదు. హర్షిణి వెళ్ళి అడిగితే ఆమె మార్కుల కాగితం వైపు కన్నెత్తి చూడలేదు. "పుస్తకాలు చదివిన పిల్లలు నా దగ్గరికి చానామంది వస్తరు. ముందు మూడు నెలలు ఎక్కడన్న కూచొని మనుషుల బాధ విను. ఏం విన్నవో, ఏం చేసినవో వచ్చి నాతో చెప్పు. నచ్చితే జూన్‌లో నిన్నే తీసుకుంట" అంది. వేరే ఊరు వెళ్ళడానికి డబ్బు లేనిదానికి ఈ బొగ్గు ఊళ్ళో మనుషుల బాధ వినే చోటు రఘుపతి సెంటరు తప్ప మరొకటి లేదు. అందుకే కొత్తిమీరను భరించింది. సమోసాను కూడా మింగింది.

సెంటరులో చేరాక భరించవలసినవి ఇంకా చాలా ఉన్నాయని తెలిసింది. కింద నుంచి కోళ్ళ వాసన. లోపల అగరుబత్తుల వాసన. రెండూ కలిసి గొంతులో కూర్చునేవి. ఎవరైనా వచ్చి బాధ చెప్పుకుని ఏడ్చి వెళ్ళారంటే, వాళ్ళు మెట్లు దిగకముందే రఘుపతి చేతులకు శానిటైజర్ రాసుకునేవాడు. ఏడుపు అంటువ్యాధి అయినట్టు మోచేతుల దాకా రుద్దుకునేవాడు. హర్షిణికి వాట్సాప్ స్టేటస్‌లు తయారుచేసే పని, చదువు మీద శ్రద్ధ లేదని తల్లులు లాక్కొచ్చిన పిల్లలతో కూర్చునే పని పడింది. గని కార్మికులు కొడుకులను వెంటబెట్టుకుని వస్తే మాత్రం ఆయనే లోపలి గదికి తీసుకెళ్ళి తలుపు వేసుకునేవాడు. తాగుడు మాన్పించడానికేమో అనుకుంది ఆమె.

రెండు నెలలు అట్లా గడిచాక ఒకనాడు ఆయన ఎంతో ప్రేమగా పిలిచాడు.

"హర్షిణీ, కార్మికుల ఇండ్లోళ్ళకు ఒక అవగాహన క్లాసు చెప్పు. మానసిక రోగాలంటే ఏంది, ఎట్ల గుర్తుపట్టాలె, అంతే. మన భాషల, అర్థమయ్యేటట్టు. నీకు డ్రామాలు అలవాటట కద, జర చేసి చూపించు."

హర్షిణి పొంగిపోయింది. ఇన్నాళ్ళకు చదివిన చదువుకు ఒక పని దొరికింది కదా! వారం రోజులు కూర్చుని తయారైంది. పుస్తకం మాటలన్నీ తీసి పక్కన పెట్టి, తన వాడకట్టు మాటల్లోకి మార్చింది. క్లాసు రోజు హాలు నిండింది. కార్మికులు, వాళ్ళ భార్యలు, ఉద్యోగాలు లేని కొడుకులు వచ్చి నేల మీద కూడా కూర్చున్నారు. లేని గొంతులు చెవిలో వినిపించే మనిషి ఎట్లా ఉంటాడో ఆమె చేసి చూపించింది. అడిగిన మాటకు జవాబు చెప్పబోయి, ఆగి, మెడ పక్కకు తిప్పి, అక్కడ ఎవరో ఏదో చెప్తున్నట్టు విని, నవ్వకూడని చోట నవ్వింది. భయం పట్టిన చెయ్యి ఎట్లా వణుకుతుందో కూడా చూపించింది. హాల్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు. కాలేజీలో ఏ నాటకానికీ అంత నిశ్శబ్దం దొరకలేదు ఆమెకు.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"మేడం, తానం ఎన్నొద్దులు బంద్ పెడితే డాక్టర్లకు ఎర్కైతది?"

"చెయ్యి వణుకుడు కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?"

"నవ్వుడు ఒక్కపారేనా, మల్ల మల్లనా?"

పాపం, ఇంట్లో మనిషి ఏమైపోతాడోనని ఎంత ఫికరు పడుతున్నారో అనుకుని ఒక్కొక్కరికీ ఓపికగా బదులు చెప్పింది. కొడుకులు ఫోన్లెత్తి వీడియో తీస్తుంటే ఇంట్లోవాళ్ళకు చూపించడానికే అనుకుంది. ఆ పూట ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు అంతా చెప్పింది. అనసూర్య మొదటిసారి బిడ్డ చదువు గురించి నిజంగా విని, "గంతమంది అచ్చిండ్రా?" అంది.

ఆ సంతోషం రెండో రోజు దాకా కూడా నిలవలేదు. సెంటరు నుంచి దిగి టీ కొట్టు పక్కగా పోతుంటే, క్లాసుకు వచ్చిన ఎల్లన్న అనే, గనిలో బొగ్గు టబ్బులు తోసే పెద్ద వయసు ట్రామర్ ఇంకొకాయనకు ఏదో నేర్పుతున్నాడు.

"నువ్వు జల్ది నవ్వుతున్నవ్‌రా బావా. మేడం ఎట్ల చేసింది? ముందుగాల మెడ తిప్పాలె. ఇనాలె. గప్పుడు నవ్వాలె."

రెండో ఆయన టీ గ్లాసు పట్టుకునే మెడ తిప్పాడు, విన్నాడు, నవ్వాడు. కొట్టు దగ్గర ఉన్నవాళ్ళు విరగబడ్డారు. అంతలో ఎల్లన్న ఆమెను చూసి గౌరవంగా లేచి నిలబడ్డాడు. "నమస్తే మేడం! క్లాసు మస్తుండె. మీ పుణ్యాన మా పోరడు డ్యూటీ ఎక్కుతడు" అన్నాడు.

ఈ బొగ్గు బెల్టులో పుట్టిన మనిషికి అంతకంటే విడమరిచి చెప్పే పని లేదు. రోగం వచ్చి గని పనికి పనికిరాడని కంపెనీ మెడికల్ బోర్డు తేలిస్తే తండ్రి ఇంటికి, ఆయన బదులు కొడుకు డ్యూటీకి. దాన్నే అన్‌ఫిట్ అంటారు. నిజంగా రోగమున్నవాళ్ళకు అది అన్నం పెట్టే దారి. లేనివాళ్ళ కోసం మధ్యలో దళారులు పుట్టుకొస్తారు. హర్షిణి వారం రోజులు రాత్రీ పగలూ కూర్చుని అల్లిన పాఠం, తన గొంతు, తన మెడ, ఇప్పుడు టీ కొట్టు దగ్గర నలుగురి నోట్లో నలుగుతున్నాయి.

వెనక్కి మెట్లెక్కి రఘుపతిని నిలదీసింది. ఆయన ఏమాత్రం తొణకలేదు.

"గుండెకు మిషన్ ఉన్నది, కంటికి మిషన్ ఉన్నది. దొంగ యాడున్నా దొరుకుతడు. మనసుకు మిషన్ ఉన్నదా చెప్పు?" అని నవ్వాడు. "ఆనాడు స్కోప్ ఉన్నదంటే నువ్వు గూడ చప్పట్లు కొడితివి గద. సైకాలజీ చదివినోళ్ళకు ఈ గడ్డ మీద ఉన్న స్కోప్ గిదే. మంచిర్యాలల బ్రాంచి పెడుతున్న, దానికి నిన్నే ఇన్‌చార్జిని చేద్దామని చూస్తున్న. ఇంకో పదిహేను దినాలైతే నీ మూడు నెలలు అయితయి. గప్పటిదాక జర ఓపిక పట్టు బిడ్డా."

ఆ 'బిడ్డా' అన్న మాటకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఆ క్షణమే సంచీ తీసుకుని దిగిపోవాల్సింది. దిగిపోలేదు. రెండున్నర నెలలకు వదిలేస్తే రాజకుమారి మేడం ముందు ఏ మొహంతో నిలబడాలి? జూన్‌లో ఆ ఒక్క సీటు ఇంకొకరికి పోతే ఏం చేయాలి? అట్లా లెక్క చూసుకుని మర్నాడు మళ్ళీ వెళ్ళింది. వాట్సాప్ స్టేటస్‌లు పెట్టింది. రఘుపతి మీద ఉన్న అసహ్యంలో సగం ఆనాటి నుంచి తన మీదకు మళ్ళింది.

ఆ పదిహేను రోజుల్లోనే మొగిలి వచ్చాడు.

మొగిలి వాళ్ళ క్వార్టర్ వరుసలోనే ఉంటాడు. గనిలో బొగ్గు కొట్టే కోల్ కట్టర్. చిన్నప్పటి నుంచి హర్షిణికి ఆయన మొగిలి కాక. పోయినేడు వర్షాల ముందు గనిలో పైకప్పు కూలి, ఆయనతో జంటగా పనిచేసే ముత్యం అక్కడికక్కడే పోయాడు. మొగిలికి గీత కూడా పడలేదు. అదృష్టవంతుడన్నారు అందరూ. అప్పటి నుంచి ఆయన షిఫ్టుకు వెళ్తాడు, హాజరు మస్టరు పడుతుంది, గనిలోకి దిగేచోట కాళ్ళు ఆగిపోతాయి. పైన క్యాంటీన్‌లో కూర్చుని తిరిగొస్తాడు. ఇంట్లో గిన్నె కింద పడితే చేతులతో తల కప్పుకుంటాడు. దీపం ఆర్పనివ్వడు. కొడుకు జైపాల్ ఇంజనీరింగ్ చదివి, బండి మీద ఇల్లిల్లూ తిరిగి అన్నం ప్యాకెట్లు ఇస్తున్నాడు. వాడే తండ్రిని మెట్లెక్కించుకుని తీసుకొచ్చాడు.

లోపలి గది తలుపు ఆవేళ ఓరగా ఉంది. రఘుపతి విసుక్కోవడం హర్షిణికి వినిపించింది.

"గిట్ల సప్పుడు లేకుంట కూసుంటే బోర్డుల ఎవరు నమ్ముతరే? సాఫ్‌గ మంచిగున్నోని లెక్క కనబడుతున్నవ్. మెడ తిప్పు. నవ్వు. ఏదీ, నవ్వు!"

మొగిలి నవ్వబోయాడు. ఆ ప్రయత్నం హర్షిణి చూడలేకపోయింది. ఆ గదిలోకి వచ్చినవాళ్ళలో నిజమైన రోగి ఆయన ఒక్కడే. ఆయన రోగం సరిపోవడం లేదని సారు తిడుతున్నాడు! అంతకంటే రోత పుట్టించే మాట ఆమె జన్మలో వినలేదు.

మెట్ల మీద జైపాల్‌ను ఆపింది.

"తమ్మీ, కాకకు నిజంగనే రోగమున్నది. భయం లోపల గూడు కట్టుకున్నది. మందులు వాడి, దగ్గర కూచొని మాట్లాడిస్తే కొన్ని నెలల్ల తక్కువైతది. ఇది నాటకం కాదు."

"తక్కువైతదా అక్కా?"

"అయితది."

"మరి గప్పుడు నా నౌకరి?" అన్నాడు జైపాల్.

వాడు చెడ్డవాడు కాదు. తండ్రి చెప్పులు తన చేత్తో తొడిగినవాడు. అందుకే ఆ మాట ఆమెకు ఇంకా వెగటుగా తగిలింది. తిట్టబోయి, మింగుకుని, "పెద్ద దవాఖానల రాజకుమారి మేడం నాకు తెలుసు, ఒక్కసారి చూపిద్దాం" అంది. జైపాల్ కళ్ళల్లో వెలుగొచ్చింది. పెద్ద డాక్టరమ్మ రాసిన కాగితం ఉంటే బోర్డు ముందు బలమని వాడు అనుకున్నాడు. అనుకోనిచ్చింది హర్షిణి.

సోమవారం పొద్దున వాళ్ళు బయల్దేరుతుంటే మొగిలి భార్య లస్మవ్వ హర్షిణిని గుమ్మం పక్కకు లాగింది. చేతిలో చద్ది మూట పెడుతూ, ఎవరికీ వినపడకుండా, "బిడ్డా, మీ కాకను మంచిగ జూపియ్యి. గానీ మరీ మొత్తం తక్కువ చేపియ్యకు. జైపాలు నౌకరెక్కెదాక జర ఉండనియ్యి" అంది. ఆమె కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా భర్త పక్కన దీపం పెట్టుకుని కూర్చునేది ఆమే మరి. హర్షిణి తలూపి బస్సెక్కింది. దారి పొడవునా జైపాల్ తండ్రి చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. ఫోన్ తీసి ఏదో చూపించాడు కూడా. మొగిలి బడిపిల్లవాడిలా తలాడించాడు.

దవాఖానలో రోగి వెంట ఒక్కరినే లోపలికి రానిచ్చారు. జైపాల్ బయట ఆగాడు. హర్షిణిని చూసి రాజకుమారి మేడం నవ్వింది. "వచ్చినవా? మూడు నెలలైనయా? నీకోసమే ఆ సీటు ఆపి పెట్టిన. ఈయనను చూసినంక మాట్లాడుదాం" అంది. హర్షిణికి కాళ్ళు నేల మీద ఆనలేదు.

"ఏం పేరు పెద్దాయనా?"

మొగిలి జవాబు చెప్పబోయి, ఆగాడు. మెడ పక్కకు తిప్పాడు. ఎవరో చెబుతున్నది వింటున్నట్టు విన్నాడు. నవ్వాడు. నవ్వి, బట్టతల పక్కన లేని జుట్టును వేలితో సుతారంగా చెవి వెనక్కి తోసుకున్నాడు.

రాజకుమారి పెన్ను బల్ల మీద పెట్టేసింది. మొహం గట్టిపడింది.

"అన్‌ఫిట్‌కు వచ్చినవా? ఎవరో ఆడపిల్ల నేర్పుతుంది వీళ్ళకు. పది పన్నెండు దినాల నుంచి చూస్తున్న. గనుల నుంచి వచ్చిన మొగోళ్ళు, మీసాలున్నోళ్ళు, ఒక్కొక్కరు మెడ తిప్పి, నవ్వి, చెవి వెనక్కి జుట్టు తోసుకుంటున్నరు. ఆ పిల్ల అలవాటును కూడ రోగమనుకుని నేర్చుకున్నరు!" అంది. "ఛీ. వీళ్ళ మూలంగ నిజంగ బాధ ఉన్నోణ్ణి కూడ నమ్మబుద్ధి కాకుంటైంది. తీస్కపో, హర్షిణీ. నీకు కూడ అబద్ధం చెప్పి తెచ్చినట్టున్నరు."

హర్షిణి చెయ్యి అప్పటికే తన చెవి దాకా లేచింది. జుట్టు తోసుకోబోయిన వేలు గాలిలోనే ఆగింది. మేడం రోగి చీటీ మడుస్తూ ఉంది, చూడలేదు. వీడియో ఎవరి ఫోన్లో ఉన్నా ఇక్కడిదాకా రాలేదు. నోరు మూసుకుని కాక చెయ్యి పట్టుకుని బయటికి నడిస్తే చాలు. జూన్ తనదే. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకు పుట్టిన అసహ్యం ముందు రఘుపతి మీదిది ఏపాటిదీ కాదు.

"నేనే మేడం" అంది.

రాజకుమారి తలెత్తింది.

"నేర్పింది నేనే. అవగాహన క్లాసన్నరు. ఎందుకో తర్వాత తెలిసింది. తెలిసినంక కూడ అక్కడనే ఉన్న. మీకు చెప్పుకోను మూడు నెలలు కావాలె గద, అందుకని." హర్షిణి మొగిలి వైపు చెయ్యి చూపింది. "కాని ఈయనది నిజం మేడం. ఆ నవ్వు ఒక్కటే నాది. మిగిలిందంత ఆయనదే. ముత్యం కాక మీద పైకప్పు కూలినప్పుడు ఈయన పక్కనే ఉన్నడు."

ముత్యం పేరు వినగానే చెవి దగ్గరున్న మొగిలి చెయ్యి ఒళ్ళోకి జారిపోయింది. వేళ్ళు వణకసాగాయి. క్లాసులో ఆమె చూపించిన వణుకు అట్లా లేదు. బల్ల మీది నీళ్ళ గ్లాసు కూడా కదిలింది.

"అన్నం గిన్నె అందుకుందామని ఇట్ల తిరిగిన" అన్నాడు మొగిలి, డాక్టరుతోనో ఎవరితోనో. "మల్ల ఇటు తిరిగేటాళ్ళకు బండనే ఉన్నది."

రాజకుమారి ఆయన చేతుల వైపు చూసింది. తన కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. హర్షిణి వైపు చూడకుండానే, "నువ్వు బయట కూచో" అంది.

బయట బెంచీ మీద జైపాల్ ఎదురు చూస్తున్నాడు. ఏమైందని అడిగితే "లోపల మాట్లాడుతున్నరు" అంది హర్షిణి. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మొగిలి ముందు, వెనక డాక్టరు. ఆమె మందుల చీటీ జైపాల్ చేతిలో పెట్టి, తప్పకుండా వాడమని, పది రోజులకోసారి తీసుకురమ్మని చెప్పింది. హర్షిణి దగ్గర ఒక్క క్షణం ఆగింది. "జూన్‌లో రాకు" అంది. ఆ గొంతులో కోపం లేదు. లోపలికి వెళ్ళి తర్వాతి రోగిని పిలిచింది.

జైపాల్ ఆత్రంగా చీటీ తిప్పి తిప్పి చూశాడు. ఆ గొలుసు రాత వాడికి అంతుపట్టలేదు.

"ఏం రాసిందక్కా? అన్‌ఫిట్ అని రాసిందా?"

"లేదు. మందులు రాసింది. వాడితే కొన్ని నెలల్ల తక్కువైతది."

వాడి మొహం మాడిపోయింది. "ఛీ!" అని పక్కకు ఉమ్మేశాడు. దవాఖాన గోడ మీద ఉమ్ము జారింది. తండ్రి వెనకే నిలబడ్డాడని వాడు చూసుకోలేదు.

మొగిలి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికరు చెయ్యకు కొడుకా" అన్నాడు మెల్లగా. "నువ్వు ఒద్దంటే ఆ గోలీలు మింగ."

హర్షిణి జైపాల్ చేతిలోంచి చీటీ లాక్కుంది. మందుల కిటికీ దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. ఆ వరుస చివరకు వెళ్ళి నిలబడింది.